చిత్రకేతువు ఏడుపు

యథా ప్రయాంతి సంయాంతి స్రోతోవేగేన వాలుకాః
సంయుజ్యంతే వియుజ్యంతే తథా కాలేన దేహినః

ఏటి వడికి ఇసుక రేణువులు కలుస్తాయి, విడిపోతాయి. కాలవశాన దేహధారులూ అంతే. భాగవతం షష్ఠ స్కంధం 15వ అధ్యాయంలో అంగిరసుడు, నారదుడు చిత్రకేతు మహారాజుకు చెప్పిన మాట ఇది. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఈ శ్లోకం చదవబోయే పెద్దలు ముందు 14వ అధ్యాయం చూడాలి. ఆ దంపతులకు కావలసింది అక్కడుంది.

శూరసేన దేశపు రాజుకు రాణులెందరున్నా సంతానం లేదు. అంగిరసుడు యాగం చేసి యజ్ఞశేషాన్ని పట్టమహిషి కృతద్యుతికి ఇస్తూ, పుట్టబోయేవాడు హర్షశోకాలు రెండూ ఇస్తాడన్నాడు. కొడుకు పుట్టాక రాజు ప్రేమంతా ఆమె వైపు మళ్ళింది. తక్కిన రాణులు బిడ్డల్లేని తమ బతుకును తామే ఛీ అనుకున్నారు. ఆ కుములుడే చివరికి పసివాడికి విషం పెట్టింది. ఆడదాని విలువను సంతానంతో తూచిన ఇల్లది. ఆ తూకం మనమింకా మానలేదు. అందుకే బిడ్డ పోతే తల్లి ‘నా కడుపుదే పాపం’ అనుకుంటుంది, తండ్రి ‘కాపాడుకోలేని నేనేం మగాణ్ణి’ అని లోలోపల కుంగిపోతాడు.

కృతద్యుతి విధాతనే నిలదీసింది: పెద్దలు బతికుండగా పిల్లలు చావడమేమిటి, నీకు బుద్ధి ఉందా అని. వ్యాసుడు ఆ నోరు మూయలేదు. ఆ విలాపం విని రాజూ గొంతెత్తి ఏడ్చాడు. మహర్షులు వచ్చింది ఆ తర్వాతే.

మన ఇళ్ళలో ఇద్దరూ కలిసి ఏడ్చే చోటే ఉండదు. రెండేళ్ళు నిండని శిశువుకు ఖననమే, ఉదకదానం (నీళ్ళు వదలడం) లేదని యాజ్ఞవల్క్య స్మృతి. కనుక ఏటా తద్దినమూ ఉండదు. చాలా కుటుంబాల్లో తల్లిని శ్మశానానికి రానివ్వరు. పూడ్చిన చోటు ఆమెకు తెలియదు, చూసొచ్చిన భర్త చెప్పడు. ఆమె అడిగితే ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఆయనకు బాధే లేదని ఆమె, ఈమె మరవనివ్వదని ఆయన. ఎడం ఇక్కడే మొదలవుతుంది.

ఆ చోటు ఆమెకు చూపించండి. తిథి రాసిపెట్టుకోండి. ఏటా ఆనాడు శ్రాద్ధమని కాకుండా బిడ్డను తలుచుకుని ఐదుగురు పసిపిల్లలకు పాయసం పెట్టండి. పాయసం పొయ్యి మీంచి దించాక బెల్లం పాకం కలపండి, లేకపోతే పాలు విరుగుతాయి. భర్త గుడికి డబ్బు పంపి ఆఫీసుకు వెళ్ళిపోతే ఇది జరిగినట్టు కాదు. వండటంలో, వడ్డనలో ఆయన చెయ్యీ పడాలి. వారానికో సాయంత్రం 14వ అధ్యాయం కలిసి చదువుకోండి. మధ్యలో ఏడుపొస్తే చదవడం ఆపండి, పూర్తిచేసి తీరాలన్న నియమమేమీ లేదు. 15వ అధ్యాయం కొన్ని నెలలు గడిచాక చదవచ్చు. ‘మళ్ళీ కంటే సరిపోతుంది’ అనే చుట్టాలకు జవాబు భర్తే చెప్పాలి.

ఆపైన కథ రాజు వెంట పోతుంది: యమునా స్నానం, నారదుడి ఉపదేశం, ఏడు రాత్రుల జపం, విద్యాధరులనే దేవగణంపై ఆధిపత్యం. కృతద్యుతి ఏమైందో చెప్పదు. పురాణం చెప్పేవారు అక్కడ ఒక్క నిమిషం ఆగితే బాగుండును. బిడ్డను పోగొట్టుకున్న ఆలుమగల్లో ఎవరికైనా వారాల తరబడి నిద్రాహారాలు లేకపోయినా, బతకాలని లేదని నోట వచ్చినా ఉపవాసాలూ మొక్కులూ పక్కనపెట్టి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.