మన డబ్బు అడగడానికి మనకెందుకీ భయం?

“ఇది మీ డబ్బు. ఎక్కడ ఆగిందో చూద్దాం, కంగారు పడకండి.” రిఫండు చెక్కు అందలేదని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫోను చేస్తే అవతలి అధికారిణి అన్న మాట ఇది. నేను కూడగట్టుకున్న సంజాయిషీ అంతా గొంతులోనే ఉండిపోయింది. వీసా గురించి అడుగుతారని, ఇల్లెందుకు మారారని నిలదీస్తారని సిద్ధపడి ఉన్నాను. ఆవిడ అడిగింది సోషల్ సెక్యూరిటీ నంబరు, చిరునామా, రిటర్నులోని వివరాలు, అంతే.

రిటర్ను పంపాక ఇల్లు మారాం. చెక్కు పాత ఇంటికి బయలుదేరి ఎక్కడో తప్పిపోయింది. తెలిసినవాళ్ళందరిదీ ఒకటే సలహా: “హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళం, పన్నులవాళ్ళను కదిలించడమెందుకు? పోతే పోయింది.”

ఈ మాట నన్ను చాలా రోజులు వేధించింది. జీతం చేతికి రాకముందే కోసుకున్న డబ్బు అది. అవసరానికి మించి కోశారని లెక్క తేలింది కూడా. అయినా అప్పిచ్చినవాళ్ళమే వాకిట్లో నిలబడి నసుగుతున్నాం. దీన్ని పిరికితనమని మాత్రం నేను అనను. మూడేళ్ళకోసారి గడువు పొడిగించుకుంటూ బతికేవాళ్ళకు ప్రభుత్వ శాఖలన్నీ ఒకే తలుపులా కనిపిస్తాయి. పైగా మా నాన్న తన పింఛను కాగితాల కోసం కూడా తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. అది చూస్తూ పెరిగాం. హక్కయినా బతిమాలి తెచ్చుకోవాలనే అనుకుంటాం.

చెక్కు పంపి 28 రోజులు దాటితే ఆచూకీ తీయమని కోరవచ్చు. దానికి ఫోనులో యంత్రమే సమాధానమిచ్చే లైను ఒకటుంది కానీ, భార్యాభర్తలు కలిపి వేసిన రిటర్నుకు అది పనిచేయదు. మనిషితో మాట్లాడాలి, లేదా ఫారం 3911 నింపి ఇద్దరూ సంతకాలు చేయాలి. మేం ఫోను చేశాక ఫారం కూడా పంపాం. అందులో వీసా ఊసే లేదు. నా వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 మీద వచ్చి, ఉద్యోగానికి అనుమతి లేక ఇంట్లో నలిగిపోతున్న మా వారి సంతకానికి అక్కడ నా సంతకమంత విలువ ఉంది. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

చెక్కును ఎవరైనా మార్చుకుని ఉంటే వ్యవహారం పెద్దదయ్యేది. అమెరికా ఖజానా శాఖ ట్రెజరీలోని బ్యూరో ఆఫ్ ద ఫిస్కల్ సర్వీస్ ఆ చెక్కు నకలుతో క్లెయిము పత్రాలు పంపుతుంది. సంతకం సరిపోల్చి తేల్చడానికి 6 వారాల దాకా పట్టవచ్చు. మా చెక్కును ఎవరూ మార్చుకోలేదు. పాతది రద్దు చేసి, మరొకటి కొత్త చిరునామాకు పంపారు.

అయినా మన దేశం గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ 2019 మార్చి నుంచే రిఫండు నేరుగా పాన్‌తో జతపరచిన బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఇక్కడ వ్యక్తులకు కాగితపు చెక్కులు మానిపించే పని 2025 సెప్టెంబరు 30 నుంచి గానీ మొదలుకాలేదు. మన ఆఫీసులన్నీ దుమ్ము పట్టిన దస్త్రాలేనని నమ్మే సహోద్యోగులకు ఈ సంగతి తేదీలతో సహా చెప్పాను.