పిన్ను గుచ్చిన రోజు నుంచి

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు మా ఇంట్లో రెండు ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ ఒకేసారి నెట్‌లో పనిచేశాయి. పదకొండు రోజుల తర్వాత! కోపం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

మాది నల్గొండ, రామగిరి. కనగల్ మండలంలోని ఒక సర్కారు బడిలో నేను లెక్కల టీచరును. కింద హాల్లో బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ బిగించిన ఫైబర్ బాక్సు ఉంది. పై గదిలో అమ్మాయి ఎప్‌సెట్‌కు చదువుకుంటుంది కనుక, హైదరాబాదులో ఉండే మా తమ్ముడు తన పాత రూటర్ తెచ్చి, కింది బాక్సుకు కేబుల్‌తో కలిపి వెళ్లాడు. ఏడాదిన్నరగా దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

కాలువ తవ్వకంలో ఫైబర్ తెగింది. ఫిర్యాదు చేశాం, మర్నాడే మనిషి వచ్చాడు, తీగ అతికించాడు, నెట్ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో స్తంభం ఎక్కి చేసిన పని అది, దానికి అతన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ వెళ్లబోతూ "పైన కూడా ఒకసారి చూస్తాను మేడమ్" అని మేడెక్కాడు. జేబులోంచి సిమ్ తీసే పిన్ను తీసి, తమ్ముడి రూటర్ వెనకున్న చిన్న రంధ్రంలో గుచ్చి పది సెకన్లు నొక్కి పట్టాడు. దీపాలన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్ అడిగి మళ్లీ పాతవే పెట్టి, "ఇక కొత్తదానిలా పనిచేస్తుంది" అన్నాడు. నేను అతనికి ఇవ్వడానికి తెచ్చిన చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఎందుకు నొక్కుతున్నావని అప్పుడే అడగాల్సింది.

ఆ రాత్రి నుంచి మొదలైంది. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, కింద 'ఇంటర్నెట్ లేదు' అని ఉంటుంది. కాసేపటికి అదే ఫోన్లో నెట్ వస్తుంది, మావారి ఫోన్లో పోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మరీ ఘోరం. అమ్మాయి నమూనా పరీక్ష సగంలో ఆగిపోయింది. ఒకరోజు ల్యాప్‌టాప్ మీద ఒక సందేశం: ఈ నెట్‌వర్క్‌లో మరో కంప్యూటర్‌కు కూడా ఇదే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి విడిగా ఉండాల్సిన నంబరు) ఉంది అని. టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే అక్కడా 192.168.1.101, ల్యాప్‌టాప్‌లోనూ 192.168.1.101.

ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుని, శనివారం బడి అయ్యాక గడియారం సెంటర్ దగ్గర బస్సు దిగి కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. నా వంతు వచ్చాక కాగితం కౌంటర్ మీద పెట్టి, "రెండింటికీ ఒకే అడ్రస్ వస్తోంది బాబూ, మీ మనిషి పైన రూటర్ రీసెట్ చేసినప్పటి నుంచి" అన్నాను. ఆ అబ్బాయి కాగితం వంక చూడలేదు. చల్లటి నీళ్ల సీసా తాగి దాని మీదే పెట్టాడు. "మా లైను బాగానే ఉంది మేడమ్, మీ ఫోన్లే పాతవి" అన్నాడు. నేను మళ్లీ చెప్పబోతే, "ఇంట్లో సార్ ఉంటే పంపండి. మీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు. నా వెనక నిలబడ్డవాళ్లలో నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవాడి తండ్రి ఉన్నాడు. పాపం, ఆయన తల దించుకున్నాడు. సీసా తీసేసరికి కాగితం మీద గుండ్రంగా తడి మరక, అంకెల మీద సిరా అలుక్కుపోయింది. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషితో అనే మాటేనా అది? లెక్కలు రాని మనిషి వచ్చినా అనకూడని మాట. మావారికి రూటర్ స్విచ్ ఎక్కడుందో కూడా తెలియదు.

ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో రూటర్ సెట్టింగుల పేజీ అడ్రస్ 192.168.1.1 కొట్టాను. నీలం రంగు పేజీ తెరుచుకుంది. కాసేపాగి మళ్లీ కొడితే తెల్ల పేజీ, వేరే కంపెనీ పేరు! ఒకే అడ్రస్‌కు రెండు ముఖాలు. అప్పుడు తట్టింది. మన ఊళ్లో 1-1 నంబరు ఇల్లు ఉంటుంది, పక్క ఊళ్లోనూ ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. 192.168తో మొదలయ్యే అడ్రసులు అలా ప్రతి ఇంటికీ సొంతంగా వాడుకోవడానికి విడిచిపెట్టినవే. కానీ ఒకే వీధిలో రెండు ఇళ్లకు 1-1 రాస్తే పోస్టుమాన్ ఏం చేస్తాడు?

తమ్ముడికి ఫోన్ చేసి ఇదే చెబితే, "అక్కా, సరిగ్గా అదే" అన్నాడు. పై రూటర్‌కు అతను 192.168.1.2 ఇచ్చి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పనిని ఆపేసి వెళ్లాడట. పంచే పని కింది బాక్సుది మాత్రమే. పిన్నుతో అదంతా చెరిగిపోయింది. రెండూ 192.168.1.1 అయ్యాయి, రెండూ 192.168.1.100 నుంచి అడ్రసులు పంచడం మొదలుపెట్టాయి. పై రూటర్‌కు సొంతంగా బయటికి దారి లేదు. దాన్నే గేట్‌వే, అంటే నెట్‌లోకి వెళ్లే ద్వారం, అనుకున్న ఫోన్‌కు నెట్ రాదు. కరెంటు వచ్చినప్పుడు చిన్న రూటర్ ముందు లేస్తుంది, ఫైబర్ బాక్సు ఇంకా తెమలకముందే అందరికీ అడ్రసులు పంచేస్తుంది. అడ్రస్‌తో పాటు కనిపించే 255.255.255.0 అంటే ఏమిటని అమ్మాయి అడిగితే, అడ్రస్‌లో చివరి భాగం ఒక్కటే పరికరానికో రకంగా మారుతుందని, దాని ఎనిమిది బిట్లకు 256, మొదటిదీ చివరిదీ తీసేస్తే 254 పరికరాలని తమ్ముడు నోరు తెరవకముందే నేనే చెప్పాను.

సరిచేయడానికి పావుగంట పట్టలేదు. ముందుగా రెండు బాక్సులను కలిపే కేబుల్ పీకాలి, లేదంటే ఏ పేజీ తెరుచుకుందో తెలియదు. ల్యాప్‌టాప్‌ను పై రూటర్‌కు కేబుల్‌తో కలిపి 192.168.1.1 తెరిచాను. రీసెట్ అయింది కనుక పాస్‌వర్డ్ అడుగున అంటించిన స్టిక్కర్ మీదిదే. అడ్రస్‌ను 192.168.1.2గా మార్చాక రూటర్ ఆగి లేచింది. కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి వెళ్లి డీహెచ్‌సీపీ ఆపేశాను. ఈ రెండు పనులూ ఈ వరుసలోనే చేయండి. తర్వాత కింది నుంచి వచ్చే కేబుల్‌ను పై రూటర్ లాన్ రంధ్రంలో (ఇంట్లో పరికరాలను కలిపేది) పెట్టాలి, రంగు వేరుగా ఉండే వాన్ రంధ్రంలో (బయటి లైనుకు వాడేది) కాదు. చివరగా ఫోన్లు, టీవీ ఆపి మళ్లీ ఆన్ చేశాను, పాత అడ్రసును పట్టుకుని వేలాడకుండా.

మీ ఇంట్లోనూ రెండు రూటర్లుంటే, ఇలాంటి సెట్టింగులు ఇవాళే కాగితం మీద రాసుకోండి. పిన్ను పట్టుకున్న చేతిని ఆపి, కారణం అడగండి. మా రూటర్ రంధ్రం మీద అమ్మాయి బ్యాండేజీ టేపు అంటించింది.

ఆ మరక పడ్డ కాగితాన్ని ఫొటో తీసి, జరిగిందంతా రాసి కంపెనీకి ఫిర్యాదు పంపాను. కింద నా పేరు, లెక్కల ఉపాధ్యాయురాలు అని రాశాను. జవాబు ఇంకా రాలేదు.