క్యాంపు నుంచి వచ్చిన ఆదివారం

తెల్లవారుజామున నారాయణాద్రి సికింద్రాబాదు చేరేసరికే ప్లాట్‌ఫారం మీద ఉక్కపోత మొదలైంది. మొదటి మెట్రో కోసం కాసేపు ఆగి, అమీర్‌పేటలో మారి, మూసాపేటలో దిగి ఇంటికి నడిచాను. సంచిలో మాసిన బట్టలతో పాటు, గుంటూరులో దగ్గరుండి మరపట్టించిన రెండు కిలోల కారం ఉంది. అమ్మ ఈసారి తేజ రకం మిర్చి వద్దనీ, ఆ ఘాటు పిల్లలు తట్టుకోలేరనీ, సన్నాలే కావాలనీ ఫోనులో మూడుసార్లు చెప్పింది.

నా ఉద్యోగం శీతల గిడ్డంగులను చల్లబరిచే అమోనియా కంప్రెసర్లతో. మిర్చి కోత, అమ్మకాలు ముగిసేసరికి ధర కోసం ఆగిన రైతుల బస్తాలన్నీ గిడ్డంగులకు చేరతాయి. సరిగ్గా అప్పుడే ఎండలు ముదురుతాయి. బయటి వేడికి, లోపలి వేడిని వదిలించే కండెన్సర్ చల్లబడదు, పీడనం పెరుగుతుంది, మోటారు మీద భారం పడి యంత్రం ఆగిపోతుంది. లోపల చల్లదనం తగ్గితే కాయ రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. కనుక ఏప్రిల్ నుంచి జూన్ వరకు గుంటూరు, ఖమ్మం, వరంగల్ తిరుగుతూనే ఉంటాను. గుంటూరు మిర్చి యార్డుకు కూడా వేసవి సెలవులుంటాయి గానీ, ఆ యార్డు బస్తాలను కాపాడే వాళ్లకు ఉండవు. పిల్లల బడులు ఏప్రిల్ 24న మూసి జూన్ 12న తెరుస్తారు. మధ్యనున్న 49 రోజులు నాకు పనిదినాలలోకెల్లా బరువైన పనిదినాలు.

ఇల్లు చేరగానే రైలు దుమ్ము వదిలేలా తృప్తిగా స్నానం చేశాను. తరువాత, ఇంట్లో ఏదో ఒక పని నా చేతుల మీదుగా జరగాలన్న ఉత్సాహంతో హాల్లోని కూలర్‌ను కడిగి, దుమ్ము పట్టిన గడ్డి పలకలను కుళాయి కింద పెట్టి శుభ్రం చేసి, తొట్టి అంచుదాకా నీళ్లు పోశాను. అరగంట గడిచాక వంటింటి కుళాయి గుర్రుమని ఆగిపోయింది. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయనీ, వచ్చిన గంటలోనే మా ఆవిడ నాలుగున్నరకు లేచి మోటారు వేసి తొట్టె నింపుకుంటోందనీ, ఆ నీళ్లు రెండు రోజులు రావాలనీ, ట్యాంకరు సోమవారానికి చెప్పారనీ అప్పుడు తెలిసింది. ఇవేవీ నా నుంచి దాచిన రహస్యాలు కావు. రోజూ రాత్రి ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. అయితే ‘తిన్నారా’, ‘తిన్నాను’, ‘ఎండ ఎలా ఉంది’ అన్న మాటల మధ్య నీళ్ల సంగతి ఎవరు చెబుతారు?

మా ఆవిడ ఏమీ అనలేదు. పన్నెండేళ్ల మా అబ్బాయి మాత్రం కూలర్ వైపు చూసి, ఎలాంటి నిష్ఠూరమూ లేకుండా, తెలియనివాడికి తెలియజెప్పే మర్యాదతో, “నాన్నా, మేము సగమే పోస్తాం” అన్నాడు.

వాడు ‘మనం’ అనలేదు. అనాలని నేను ఆశించడం న్యాయమూ కాదు, ఎందుకంటే ఆ సగం లెక్క కట్టిన వాళ్లలో నేను లేను. అయినా ఆ ‘మేము’ చెవిలో నీళ్లు పోయినట్టు చాలాసేపు లోపలే ఉండిపోయింది.

నా చిన్నతనంలో నాన్న కూడా నెలలో సగం రోజులు క్యాంపుల్లోనే ఉండేవాడు. ఆయన లేని లోటు వేసవిలో మాత్రం మాకు తెలిసేది కాదు, ఎందుకంటే పరీక్షలు ముగిసిన మర్నాడే మమ్మల్ని అమ్మమ్మగారి ఊరికి బస్సెక్కించేవారు. అప్పట్లో సెలవులకు ఇల్లు విడిచేది పిల్లలు. ఇంట్లో ఒంటరిగా మిగిలి, హోటల్ క్యారేజీ తెప్పించుకునేది తండ్రి. ఇప్పుడు అమ్మమ్మ ఊళ్లో ఇల్లు లేదు, పిల్లలు మూడో అంతస్తులో తలుపులు వేసుకుని ఉన్నారు, నేను ఊళ్లు తిరుగుతున్నాను. నాన్నతో నన్ను పోల్చుకుని సమాధానపడటం నాకు అలవాటే గానీ, ఈ తేడా ఇన్నాళ్లూ గమనించనే లేదు.

ఆవకాయకు అమ్మ నిన్ననే పాతిక కాయలు తెచ్చి బకెట్లో నానవేసింది. వాటిని కడగడానికి, నా పుణ్యమా అని, తాగే నీళ్ల క్యాను వంచవలసి వచ్చింది. ఇరవై లీటర్లలో సగం మామిడికాయలకు పోయాయి. తుడిచి ఆరబెట్టిన కాయలను నేనూ అబ్బాయీ కూకట్‌పల్లి రైతు బజారుకు తీసుకువెళ్లి ముక్కలు కొట్టించుకు వచ్చాం. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండేలా కొట్టమని వాడే చెప్పాడు.

మధ్యాహ్నం అందరం చాప మీద కూర్చున్నాం. జీడి తీసేసి, టెంక లోపలి పలుచని పొరను గోటితో లాగి, పొడిబట్టతో ముక్క తుడవడం నా పని. ఆ పొర సగంలో తెగితే మళ్లీ అంచు దొరకదు. మా చిన్నది మాత్రం ఒక మూల పట్టుకుని ఒక్క లాగుతో మొత్తం ఊడదీస్తోంది. దాని ఒడుపు చూసి నేర్చుకుంటూ పదిహేను ముక్కలు పూర్తి చేశానో లేదో, ఫోను మోగింది. వేళ మూడు గంటలు. ఎండ తారస్థాయికి చేరే ఆ వేళకే ఇలాంటి ఫోన్లు వస్తాయి. “సార్, రెండో మిషన్ మళ్లీ ఆగిపోయింది” అన్నాడు గిడ్డంగి ఆపరేటర్. కండెన్సర్ మీద నీళ్లు చల్లే నాజిళ్లలో సున్నం పేరుకుందేమో విప్పి చూడమని, ఒక్కొక్కటీ చెబుతూ బాల్కనీలో అటూ ఇటూ తిరిగాను. సున్నమే. మిషన్ తిరిగి నడిచిందని రూఢి చేసుకుని లోపలికి వచ్చేసరికి నలభై నిమిషాలైంది. నా చోట తడిసిన గుడ్డ మడత పెట్టి ఉంది, ముక్కలన్నీ అయిపోయాయి.

కలపడం అమ్మ వంతు. నాలుగు కొలతల ముక్కలకు కొలత కారం, కొలత ఆవపిండి, ముప్పావు కొలత ఉప్పు వేసి, గుప్పెడు మెంతులు చల్లి, నువ్వుల నూనెలో ముంచిన ముక్కలను పొడిలో పొర్లించి జాడీలోకి జార్చింది. కారం రంగు చూసి తల ఊపింది. ఈ రోజు నాకు దక్కిన మెప్పు అదొక్కటే. పైన మిగిలిన నూనె పోసి, మూతికి గుడ్డ కట్టి, గోడవార పెట్టింది.

రేపు ఉదయం ఖమ్మం బయలుదేరాలి, తిరిగి వచ్చేది బుధవారం. సంచి సర్దుకుంటూ, రుచి ఎప్పుడు చూస్తారని మా ఆవిడను అడిగాను. అడుగుతూనే వేళ్ల మీద లెక్కపెట్టాను: మూడో రోజంటే మంగళవారం. ఆమె నా వేళ్ల వంక చూసి, జాడీని గోడ వైపు మరికాస్త జరిపి, “తిరగకలుపుతాం లెండి, ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు” అంది.

మేము కలుపుతాం అన్నా, మనం కలుపుతాం అన్నా మన భాషలో క్రియ ఒక్కటే. ఎవరెవరని నేను అడగలేదు. హాల్లో సగం నీళ్లతో కూలర్ తిరుగుతోంది.