గాలికి రాలిన కాయ

మాది పొదలకూరు దగ్గర పల్లె, నిమ్మతోట మీదే బతుకు. ముందు ఈ సంగతి చెప్పకపోతే విండ్‌ఫాల్ అనే ఒక్క ఇంగ్లీషు మాట నన్నెందుకు అంత తికమక పెట్టిందో అర్థం కాదు.

2022 జులైలో బ్యాంకు పరీక్షలకు చదువుతూ రోజూ ఇంగ్లీషు పేపరు ముందేసుకుని కూర్చునేదాన్ని. మన దేశంలో తీసే ముడి చమురు మీద జులై 1 నుంచి విండ్‌ఫాల్ టాక్స్, టన్నుకు 23,250 రూపాయలు అని వార్త. విండ్ అంటే గాలి, ఫాల్ అంటే పడటం. రెండూ కలిపేసరికి నా కళ్ళముందుకు వచ్చింది మా తోటే. ఈదురుగాలి కొట్టిన మర్నాడు చెట్ల కింద పరుచుకున్న కాయలు, అమ్మ వంగి ఒక్కొక్కటీ ఏరి, కొంగుతో మట్టి తుడిచి, బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా తగిలినదాన్ని వేరే గంపలో వేయడం. ఆ గంపకి మార్కెట్లో సగం రేటు కూడా పలకదు. అందుకని చమురు కంపెనీలు ఏదో పెద్ద నష్టంలో పడ్డాయని, పైగా వాటిమీద పన్ను వేశారని అనుకున్నాను. నాయనకి చెబితే ఆయనా బాధపడ్డాడు. "రాలిపోయినదానికి పన్నేంది పాపా?"

మళ్ళీ చదివితే రెండు లైన్ల కింద లాభాలు అని ఉంది. ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచంలో చమురు రేటు పెరిగింది, తీసేవాళ్ళకు ఖర్చు అంతే ఉన్నా రాబడి ఎక్కడికో పోయింది, అందులో ప్రభుత్వం వాటా అడుగుతోంది. నేను అనుకున్నదానికి పూర్తిగా తిరగబడ్డ అర్థం.

డిక్షనరీలో రెండు అర్థాలూ ఉన్నాయి, మొదటిది గాలికి రాలిన పండు, రెండోది అనుకోకుండా కలిసొచ్చిన డబ్బు. ఒకదానినుంచి ఇంకోటి ఎలా వచ్చిందా అని చాలాసేపు ఆలోచించాను. నాకు తోచింది ఇది, ఆ మాట తోట గలవాళ్ళ వైపు నుంచి కాదు, ఏరుకునేవాళ్ళ వైపు నుంచి పుట్టి ఉండాలి. చెట్టెక్కకుండా, నీళ్ళు పెట్టకుండా, నడిచిపోతుంటే కాళ్ళ దగ్గర పండు దొరికినవాడికి అది లాభమే కదా! నేను చూసిందేమో అమ్మ పక్కన నిలబడి.

తెలుగు పేపర్లలో అప్పట్లో అనూహ్య లాభాలపై పన్ను అని రాసేవాళ్ళు. అర్థం సరిగ్గా వస్తుంది, కానీ అందులో గాలీ లేదు, చెట్టూ లేదు. నడమంత్రపు సిరి అందామంటే అందులో తిట్టు ఉంది. లంకెబిందెలు దొరికినట్టు అన్నదే కాస్త దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే అక్కడా కష్టం మనది కాదు.

నాయనకి ఇదంతా విడమరిచి చెబితే కాసేపు ఆలోచించి, "అంటే మొన్న ఏప్రిల్లో కాయ ఉన్నోళ్ళకి వచ్చినట్టన్నమాట" అన్నాడు. సరిగ్గా అదే. ముందు నవంబరు వానలకి మా చెట్లకు పూత నిలవలేదు, ఏప్రిల్లో కిలో నిమ్మకాయలు 200 రూపాయలు దాటినప్పుడు మా దగ్గర గంపెడు కాయ కూడా లేదు. కాయ నిలిచిన పక్క తోటవాళ్ళు ఆ ఒక్క నెలలో అప్పు తీర్చేసుకున్నారు.

ఆ పన్నుని 2024 డిసెంబరులో ఎత్తేశారు. ఆ వార్త చదివేటప్పుడు అర్థం కోసం నాకు వెతుక్కోవాల్సిన పని లేదు, అయినా ముందు కనిపించింది అమ్మ బొటనవేలే, చమురు ఆ తర్వాత.