సంచి మారితే మంట మారుతుంది

పోయిన వారం మా కిచెన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, "అన్నా, ఇదంతా చెక్క పొట్టే కదా, ఏ కంపెనీదైతే ఏంటి?" అని. వాడికదే మొదటి నైట్ షిఫ్ట్. నేనేమీ చెప్పకుండా రెండు సంచుల్లోంచి ఒక్కో గుప్పెడు పెల్లెట్లు, అంటే గ్రిల్‌లో మండించడానికి చెక్క పొట్టును నొక్కి చేసిన చిన్న కడ్డీలు, తీసి ట్రేలో పోశాను. ఒక కుప్పలో అన్నీ మెరుస్తూ దాదాపు ఒకే పొడవున్నాయి, వేళ్లతో విరిస్తే టప్పుమంటున్నాయి. రెండో కుప్ప కింద ట్రే కనబడనంత పొడి, విరిస్తే చప్పుడు కూడా లేకుండా నలిగిపోతున్నాయి. వాడు రెండూ వాసన చూసి, మళ్లీ విరిచి చూసి, "తేడా ఉందన్నా" అన్నాడు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక కేటరింగ్ కిచెన్‌లో నాలుగేళ్లుగా నాది రాత్రి డ్యూటీ. నాలుగు పెల్లెట్ గ్రిల్స్ ఉంటాయి, వాటిలో బ్రిస్కెట్ (పశువు ఛాతీ భాగం మాంసం) 225 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తెల్లారేదాకా మగ్గాలి. ఈ గ్రిల్ పుట్టిందీ ఈ రాష్ట్రంలోనే, 1980ల మధ్యలో జో ట్రేగర్ అనే ఆయన మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో తయారుచేశాడు. పద్ధతి సులువే: హాపర్ అనే డబ్బాలో పోసిన పెల్లెట్లను ఆగర్ అనే స్క్రూ కొంచెం కొంచెంగా ఫైర్‌పాట్‌లోకి, అంటే మంట మండే చిన్న గిన్నెలోకి, తోస్తుంది, ఇగ్నైటర్ అంటిస్తుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది, వేడి తగ్గితే కంట్రోలర్ ఇంకాస్త తోయిస్తుంది. అయితే ఆ కంట్రోలర్‌కు తెలిసేది వేడి ఒక్కటే, పడుతున్నది గట్టి పెల్లెటా పొడా అన్నది దానికి తెలియదు.

నేను చేరిన మొదటి చలికాలంలో ఓనర్ ధర తక్కువని వేరే పెల్లెట్లు తెప్పించాడు. తెల్లవారుజామున మూడింటికి ఒక గ్రిల్ 225 నుంచి 160కి దిగిపోయింది. ఫైర్‌పాట్ నిండా బూడిద పేరుకుని, గాలి రంధ్రాలు పూడిపోయి, మంట ఆరిపోయిందని నాకు అప్పుడు తెలియదు. టెన్షన్‌లో అలాగే ఆపి మళ్లీ ఆన్ చేశాను. అప్పటికే అందులో కుప్పపడ్డ పెల్లెట్లు ఒక్కసారిగా రాజుకుని, పసుపు కలిసిన తెల్లటి దట్టమైన పొగ వచ్చి, ఢబ్బున మూత ఎగిరిపడింది. చేతికి ఏమీ కాలేదు. మాంసం మాత్రం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోయింది కాబట్టి మొత్తం పారేశాం. పొద్దున ఓనర్ అడిగిన మొదటి మాట, "నువ్వేం చేశావు?" వచ్చి నిండా రెండు నెలలు కాలేదు, పెల్లెట్లే బాలేవని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఆ రోజే ఒక నోట్‌బుక్ కొన్నాను. ఏ సంచి, ఎన్ని గంటలకు పోశాను, వేడి ఎంత ఊగింది, పొద్దున ఎన్ని గరిటెల బూడిద వచ్చింది, అన్నీ రాసేవాణ్ణి. నెల తిరిగేసరికి నాకే అర్థమైంది. బాగా పొట్టి పెల్లెట్లు స్క్రూలో దగ్గరగా సర్దుకుని ఒక్కో తిప్పుకు ఎక్కువ పడతాయి, వేడి పైకి పోతుంది. మరీ పొడవైనవి హాపర్‌లో అడ్డం పడి మధ్యలో గొయ్యిలా ఏర్పడుతుంది, పైన నిండుగా కనిపిస్తున్నా కింద స్క్రూకు ఏమీ అందదు. పొడి ఎక్కువైతే ఆగర్ బిగుసుకుంటుంది. ఆ పేజీలు చూపించాక ఓనర్ ఇంకేం మాట్లాడకుండా సంచి మార్చాడు.

రుచి సంగతి అందరూ మొదట అడుగుతారు, నేను మాత్రం తర్వాతే చెబుతాను. పైన హికరీ అనే చెట్టు పేరు రాసి ఉన్నా చాలా సంచుల్లో ఎక్కువ భాగం ఓక్ గానీ ఆల్డర్ గానీ, అంటే వేరే చెట్ల చెక్క, ఉంటుంది, అది తప్పేమీ కాదు, ఓక్ నిలకడగా మండుతుంది. అచ్చంగా ఒకే చెక్క కావాలంటే లంబర్ జాక్ లాంటి కంపెనీలవాళ్లు నూటికి నూరు శాతం రకాలు విడిగా అమ్ముతారు. ఓక్, ఆల్డర్ అసలు కలపం అని చెప్పుకునే కుకిన్‌పెల్లెట్స్ లాంటి కంపెనీలూ ఉన్నాయి. ఏదైనా 225 దగ్గర నెమ్మదిగా మగ్గితేనే పొగ తేడా నాలుకకు తెలుస్తుంది, 400లో కాల్చేటప్పుడు పొగే తక్కువ, అక్కడ ఖరీదైన సంచి వాడటం దండగ. ఇళ్లలో హీటింగ్ స్టవ్‌లకు అమ్మే పెల్లెట్లు మాత్రం ఎంత చవకైనా వద్దు, అవి వంట కోసం చేసినవి కావు, జిగురుండే పైన్ లాంటి చెక్క కలిసి ఉండొచ్చు.

ఇక తడి. ఇక్కడ చలికాలమంతా వానే. రంపపు పొట్టును వేడితో, ఒత్తిడితో నొక్కితే చెక్కలో ఉండే లిగ్నినే జిగురులా పట్టుకుని పెల్లెట్ అవుతుంది. నీళ్లు తగిలితే మళ్లీ పొట్టే. ఒకసారి మూత సరిగా పడక హాపర్‌లోకి తేమ దిగింది, పెల్లెట్లు ఉబ్బి ఆగర్‌లో సిమెంటులా గట్టిపడ్డాయి, స్క్రూ బయటికి లాగి గీకి గీకి శుభ్రం చేసేసరికి షిఫ్ట్ అయిపోయింది. ఎంత మంచి కంపెనీదైనా తడిస్తే ఇంతే. అప్పటినుంచి సంచి విప్పగానే మూత బిగిసే బకెట్లలో పోస్తున్నాం.

ఇవన్నీ కుర్రాడికి ఒక్క రాత్రిలో చెప్పలేదు. మంట ఆరితే ముందు స్విచ్ ఆపు, చల్లారనివ్వు, ఫైర్‌పాట్ ఖాళీ చేసి బూడిద తీశాకే మళ్లీ వెలిగించు అని మాత్రం రెండుసార్లు చెప్పాను. నిన్న రాత్రి నేను వచ్చేసరికి వాడు పెల్లెట్లు జల్లెడ పట్టి బకెట్‌లో పోస్తున్నాడు. మూడింటికి నన్ను పిలిచి, "అన్నా, మూడో గ్రిల్ 228 దగ్గరుంది, రాయనా?" అన్నాడు. పెన్ను వాడి చేతికిచ్చాను.