చీరల కింద పుస్తకం

ఒంటిగంట దాటింది. బుజ్జిగాడితో సహా అందరూ పడుకున్నారు. ఈ రోజు వాడికి బొడ్డు ఊడింది. అది రాద్దామనే కూర్చున్నాను కానీ, మనసంతా మధ్యాహ్నం వాళ్ళమ్మ, మా పెద్దమ్మాయి, అన్న మాట మీదే ఉంది.

తొమ్మిది రోజుల బాలింత. వాడు నిద్రపోయిన ఆ కాసేపూ కునుకు తీయకుండా పుస్తకం పట్టుకుంది. ఏమిటా అని చూస్తే భయపెట్టే కథలు! చెవుల్లో దూది పెట్టుకోమంటే పెట్టుకోదు, పథ్యమంటే నవ్వుతుంది, ఇప్పుడు ఇదొకటి. "కళ్ళు పోతాయి, నీ మంచికే చెబుతున్నాను" అని లాక్కుని బీరువాలో చీరల కింద పెట్టాను. గొడవ పడలేదు. "అచ్చం జాన్‌లా మాట్లాడుతున్నావమ్మా" అని అటు తిరిగి పడుకుంది.

జాన్ ఎవరు? ఈయన్ని అడిగితే "ఏ దేశం తరఫున ఆడతాడు?" అన్నారు. సాయంత్రమంతా ఆ పేరు చెవిలో జోరీగ. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఈయన మాట్లాడకుండా తిన్నారు, అది ఇంకా చికాకు.

చివరికి నేనే పుస్తకం తీశాను. జాన్ ఒక కథలో మొగుడు, డాక్టరు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే అమెరికా ఆవిడ రాసిన 'ద ఎల్లో వాల్‌పేపర్', 1892లో అచ్చయింది. బిడ్డను కన్న భార్యకు కాస్త నరాల బలహీనత అంతేనని చెప్పి మేడ మీది గదిలో విశ్రాంతికి ఉంచుతాడు. రాయకూడదు. తోచక ఆమె గోడకు అంటించిన పసుపు కాగితం వంకే చూస్తుంటుంది. ఆ గీతల వెనక ఎవరో ఆడమనిషి పాకుతున్నట్టు కనిపిస్తుంది. దయ్యం లేదు, రక్తం లేదు. అంతా ఆమె మాటల్లోనే నడుస్తుంది కనుక మతి ఎక్కడ తప్పిందో మనకు తెలియదు. తెలిసేసరికి మనమూ ఆ గోడ వంకే చూస్తుంటాం. నవల అయితే మధ్యలో మూసి అన్నానికి లేస్తాం. ఇది లేవనివ్వదు.

ఇలాంటివి ఎందుకు చదువుతారో అని తిట్టిపోద్దామనుకున్నాను. కానీ గోడ అనగానే పెద్దది పుట్టినప్పటి అమ్మ వాళ్ళ వెనక గది గుర్తొచ్చింది. గాలి తగలకుండా కిటికీకి దుప్పటి. మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ. ఇరవై ఒక్క రోజులు. అమ్మ పుస్తకం ముట్టుకోనివ్వలేదు. ఎదురు గోడకు సున్నం పెచ్చులూడిన చోట మొదట ఒంటె కనిపించేది, తర్వాత ముసలావిడ. వారం తిరిగేసరికి ముసలావిడ నా వైపు కొద్దిగా జరిగింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తీసి ఇంకో వారం అక్కడే ఉంచుతారు. వాము పొట్లం కట్టిన పేపరు ముక్క దాచుకుని జీరో బల్బు వెలుగులో పదిసార్లు చదివాను. ఏదో కాలువ పూడికతీతకు టెండరు ప్రకటన. ఎంత బాగుందో!

అమ్మ చెడ్డదా? రాత్రుళ్ళు కూర్చుని నా కాళ్ళు పట్టేది. జాన్ కూడా చెడ్డవాడు కాదు, అందుకే అంత భయం వేసింది. గిల్మన్‌కు కూతురు పుట్టాక నిజంగానే ఇలాంటి వైద్యం జరిగింది. 1887లో వియర్ మిచెల్ అనే పేరున్న డాక్టరు, రోజుకు రెండు గంటలకు మించి బుర్రకు పని పెట్టవద్దని, బతికున్నంతకాలం కలం ముట్టవద్దని చెప్పి పంపాడట. ఆవిడ కథ రాసి ఆయనకే ఒక ప్రతి పంపింది. జవాబు రాలేదు.

అయినా తొమ్మిది రోజుల బాలింత నిద్రపోవాలా వద్దా? ఆ విషయంలో నేను తగ్గను. కళ్ళు పోతాయన్నది మాత్రం అబద్ధం. టెండరు చదివిన నా కళ్ళకు ఏమీ కాలేదు.

తెల్లవారేలోగా పుస్తకం దాని దిండు పక్కన పెట్టేయాలి. ఇంకా మూడు కథలున్నాయి. ఒక్కటి చదివి పెడతాను.