జియార్డియా పోయినా కడుపు కుదుటపడలేదు: నా అనుభవం

నా చిన్నపేగులో జియార్డియా అనే ఏకకణ పరాన్నజీవి ఉన్నట్లు తేలడమే ఆలస్యమైంది. కడుపుబ్బరం, కుళ్లిన గుడ్డు వాసనతో త్రేన్పులు, నీటి మీద తేలే జిడ్డు మలం. ఇన్ని లక్షణాలున్నా మొదటి మల పరీక్షలో ఏమీ కనబడలేదు. ‘‘ఇది గట్టి పొర చుట్టుకుని కోశాలుగా మలంలోకి వస్తుంది, కానీ అవి రోజూ పడవు. వేర్వేరు రోజుల్లో మరో రెండు నమూనాలు ఇవ్వండి’’ అన్నారు డాక్టరు. ఆఖరి నమూనాలో దొరికింది. బాధ తగ్గనివారు ఒక్క రిపోర్టుతో ఊరుకోవద్దని గట్టిగా చెబుతాను.

మెట్రోనిడజోల్ రాసిచ్చారు. వేసుకున్నన్నాళ్లూ నాలుక మీద ఇనుము నాకినట్లే ఉండేది. అది ఓర్చుకోవచ్చు. నన్ను కలవరపెట్టింది ఆ మందు పనిచేసే తీరు. ఆక్సిజన్ లేకుండా బతికే కణంలోకి వెళ్లాకే అది విషమై, ఆ కణం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. జియార్డియా అలా బతికేదే. కానీ మన పెద్దపేగులో కాపురమున్న బ్యాక్టీరియాలో అధిక భాగానికీ ఆక్సిజన్ గిట్టదు. పీచును పులియబెట్టి, పేగు గోడ కణాలకు తిండిగా బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని అందించేవి వాటిలోనే ఉన్నాయి.

పైగా జియార్డియాను అడ్డుకునే శక్తి పేగులోని కొన్ని బ్యాక్టీరియాకు ఉన్నట్టుంది. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒకే జన్యువులున్న ఎలుకలే అయినా ఒకచోట పెరిగినవాటికి జియార్డియా సోకింది, మరోచోట పెరిగినవాటికి సోకలేదు. రెండింటినీ కలిపి ఉంచితే మొదటివాటికీ ఆ రక్షణ వచ్చింది. బ్యాక్టీరియాను చంపే నియోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చేసరికి తట్టుకున్నవి కూడా లొంగిపోయాయి. ఇది చదివి, మాత్రలు ఆపేయవచ్చా అని డాక్టరును అడిగాను. జియార్డియా మిగిలితే పేగు గోడ దెబ్బతింటూనే ఉంటుంది, కోర్సు పూర్తిచేయాల్సిందే అన్నారు. పూర్తిచేశాను.

తర్వాతి పరీక్షలో జియార్డియా లేదు. అయినా పాలు తాగితే చాలు, కడుపు ఉబ్బేది. చిన్నపేగు గోడ దెబ్బతిని పాలలోని చక్కెరను అరిగించే ల్యాక్టేజ్ ఎంజైము తగ్గితే, అరగని ఆ చక్కెర (ల్యాక్టోజ్) పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. ఇన్‌ఫెక్షన్ పోయాక కూడా ఇది వారాల తరబడి ఉండవచ్చు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, జబ్బు తిరగబెట్టిందని అంత భయపడేదాన్ని కాదు.

మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రొబయోటిక్ మాత్రల జోలికి నేను పోలేదు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు సిప్రోఫ్లాక్సాసిన్ (మరో యాంటీబయోటిక్), మెట్రోనిడజోల్ వాడినవారికి అవి ఇచ్చి చూస్తే, వారి సొంత బ్యాక్టీరియా కుదురుకోవడం మరింత ఆలస్యమైంది. కొన్నాళ్లు పాలు మానేసి, పీచున్న ఆహారాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాను. ఇప్పుడు పెరుగు పడుతోంది. పాలు అరగ్లాసు దాకా తట్టుకుంటున్నాను.